మొదటి వరస సెలవు చీటీలు

మా మేనత్తని పేటలో అందరూ హాజరత్తయ్య అనేవాళ్ళు. సముద్రం ఒడ్డున ఉన్న మా పేట సంఘానికి ముప్పై ఒక్క ఏళ్ళు ఆవిడే కార్యదర్శి. నెలకో ఆదివారం సాయంత్రం, పాత ఐసు గోదాములో మీటింగు. ఐసు పోయి ఏళ్ళయినా ఆ గోడలకి చలవ వదల్లేదు. అత్తయ్య కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, "మొదటి వరస, ఒకటో నంబరు" అని పిలిచేది. ఎవరూ పలికేవాళ్ళు కాదు. కిటికీలోంచి అలల చప్పుడు మాత్రం వచ్చేది. ఆవిడ కాసేపు విని, తలూపి, "సెలవు చీటీ అందింది" అని పుస్తకంలో రాసుకునేది.

మొదటి వరస అనేది లేదు. నేను పుట్టకముందే సముద్రంలో కలిసిపోయింది.

పేట కట్టినప్పుడు ఐదు వరసలు. మొదటి వరసలో తొమ్మిది ఇళ్ళు, గుమ్మం దిగితే ఇసుకే. ఒక్క మంచినీళ్ళ కుళాయి కోసం ఆ తొమ్మిది ఇళ్ళవాళ్ళే సంఘం పెట్టారు. కుళాయి వచ్చింది, దాని వెనకాలే సముద్రమూ వచ్చింది అనేది అత్తయ్య. అదీ ఒక్కసారిగా కాదట. ముందు మెట్లు తడిపి మర్యాదగా వెనక్కెళ్ళిందట. తర్వాత అరుగు ఎక్కింది. చుట్టంలా వచ్చి, చివరికి ఇల్లే తనదంది. మనుషులకేం కాలేదు గానీ తలో దిక్కూ వెళ్ళిపోయారు. నాలుగో నంబరు మా అత్తయ్యా మావయ్యలది. వాళ్ళు మాత్రం పేట వదల్లేక నాలుగో వరసలో మేడ మీద గది అద్దెకి తీసుకున్నారు.

సంఘం నిబంధనల్లో ఒకటుంది. సెలవు చీటీ లేకుండా వరసగా మూడు మీటింగులకి రాని ఇంటిని జాబితాలోంచి కొట్టెయ్యాలి. అద్దెకున్నవాళ్ళు సభ్యులు కారు. అంటే నాలుగో నంబరు పోతే అత్తయ్యా పోయినట్టే. ఆవిడ రేవు ఆఫీసులో టైపిస్టు. నిబంధన చీటీ ఉందా అనే అడుగుతుంది, ఎవరు రాశారని అడగదు. ఆ కిటుకు ఆవిడకి బాగా తెలుసు. ప్రతి నెలా తన పాత టైపు మిషను మీద ఎనిమిది చీటీలు కొట్టేది. "రెండో నంబరు దర్జీ గారు, పెళ్ళివారి బట్టలు పూర్తికానందున రాలేరు." "ఏడో నంబరు నర్సమ్మ గారు, డ్యూటీ మారినందున రాలేరు." ఒక ఇంటికి వాడిన కారణం మరుసటి నెల వాడేది కాదు. నాలుగో నంబరు వచ్చేసరికి తనే పిలిచి, తనే "వచ్చాను" అనేది.

"అత్తయ్యా, దర్జీ గారు పోయి పదేళ్ళయింది. ఇంకా పెళ్ళిబట్టలేంటి?" అన్నానొకసారి.

"ఆయన పోయాక లోకంలో పెళ్ళిళ్ళు ఆగిపోయాయేంటే?"

నా చిన్నప్పుడు, సముద్రం బాగా వెనక్కి తగ్గిన ఉదయాల్లో నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది. మంచులో ఇసుకా నీళ్ళూ ఏది ఏదో తెలిసేది కాదు. నాచు పట్టిన మూడు మెట్లు పైకి తేలేవి, వాటి పైన ఏమీ ఉండేది కాదు. అత్తయ్య మూడో మెట్టు మీద నిలబడి గాలిలో తలుపు తోసేది. "ఇది ముందుగది. తల చూసుకో, వంటింటి గుమ్మం పొట్టిది. ఆ కిటికీ దగ్గర మీ మావయ్య గడ్డం గీసుకునేవాడు." నేను నిజంగానే తల వంచేదాన్ని. ఎన్నడూ చూడని ఆ ఇంట్లో కళ్ళు మూసుకుని తిరగమన్నా ఇప్పటికీ తిరుగుతాను.

తర్వాత మందుల షాపాయన అధ్యక్షుడయ్యాడు. మంచివాడే, కాకపోతే సీసాలన్నీ ఒకే వరసలో ఉండకపోతే నిద్రపట్టని మనిషి. "లేని ఇళ్ళకి హాజరేంటండీ అత్తయ్యగారూ? నలుగురూ నవ్వుతారు. కొట్టేద్దాం," అన్నాడు మీటింగులో.

అత్తయ్య కోప్పడలేదు. అందుకే నాకు భయమేసింది. "నిబంధన ప్రకారం కొట్టెయ్యి నాయనా. మూడు మీటింగులు చీటీ రాకపోతే కొట్టెయ్యి. అంతదాకా అది నీ చేతిలోనూ లేదు, నా చేతిలోనూ లేదు." ఆయన బుర్ర గోక్కుని కూర్చున్నాడు.

వానలు వెనకబట్టాక ఒక తెల్లవారుజామున, అత్తయ్య నిద్రలోనే వెళ్ళిపోయింది. రెండో వరసలో సొంతిల్లున్నదాన్ని, పైగా మేనకోడల్ని అని పుస్తకం నా చేతిలో పెట్టారు. మా మెట్లు కూడా ఈమధ్య అప్పుడప్పుడు తడుస్తున్నాయి, అది వేరే సంగతి. మొదటి మీటింగులో మొదటి వరస పిలవకుండానే రెండో వరసకి వెళ్ళిపోయాను. రెండో మీటింగూ అంతే. చీటీలు లేవు కాబట్టి తొమ్మిది ఇళ్ళకీ రెండేసి గైర్హాజరులు పడ్డాయి.

మూడో మీటింగు రోజున అత్తయ్య మిషను ముందు కూర్చున్నాను. ఎనిమిది చీటీలు వాటంతటవే వచ్చాయి. దర్జీ గారికి మళ్ళీ పెళ్ళివారు దొరికారు. తొమ్మిదో కాగితం ఎక్కించి మధ్యాహ్నం దాకా చూస్తూనే ఉన్నాను. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆవిడ ఒక్కసారీ సెలవు పెట్టలేదు. ఇప్పుడు ఏం కారణం రాయను? ఎనిమిది అబద్ధాలు అవలీలగా ఆడిన చెయ్యి, ఆవిడ దగ్గరికొచ్చేసరికి మొరాయించింది. బాగా ఏడ్చి, ఎనిమిదే పట్టుకుని వెళ్ళాను.

"మొదటి వరస, నాలుగో నంబరు."

అలల చప్పుడు. నిబంధన నిబంధనే, కొట్టెయ్యడానికి కలం తీశాను.

మందుల షాపాయన దగ్గి లేచాడు. జేబులోంచి మందుల బిల్లొకటి తీసి వెనక్కి తిప్పాడు. ఏ డాక్టరు రాతైనా ఇట్టే చదివే మనిషి, తన రాత చదువుకోవడానికి తడబడ్డాడు. "మొదటి వరస, నాలుగో నంబరు సభ్యురాలు, సొంతింటికి వెళ్ళినందున ఈ మీటింగుకి రాలేరు. సెలవు ఇవ్వగలరు."

కొట్టెయ్యబోయిన కలం వెనక్కి తీసుకున్నాను. "ఎన్నాళ్ళు సెలవో రాయలేదండీ," అన్నాను.

"వచ్చే నెల మళ్ళీ రాస్తానమ్మా," అన్నాడాయన.

చీటీ అందిందని రాసుకుని, ఐదో నంబరు పిలిచాను.