పాత నంబరు ఎత్తినవాడు

గల్ఫులో, అల్ అజీజియాలో మేడమ్ ఇంట్లో నాది వంట, నాతోపాటు ఉండే ఆయాది పిల్లల పని. ఆమెది కెన్యా, నాది కడప పక్క. మా మధ్య నడిచేది వంటింటి అరబీ. కోపమొస్తే మాత్రం నాకు తెలుగే వస్తుంది.

ఆ రోజు పొద్దుటినుంచీ ఆమె కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ఊళ్లో అమ్మమ్మ దగ్గరున్న కూతురు పరీక్ష రాయాలంటే సాయంత్రంలోగా పుట్టిన సర్టిఫికెట్ ఇవ్వాలి. వాళ్ల సర్కారు సైట్లో ఇక్కణ్ణుంచే తీసుకోవచ్చు. కానీ ఓటీపీ పోయేది ఆమె పాత కెన్యా నంబరుకు. రీచార్జి లేక ఆ నంబరు ఆగిపోతే, కంపెనీవాళ్లు ఇంకెవరికో ఇచ్చేశారు. పేరు ఆమెది, తాళంచెవి ఎవడి దగ్గరో!

"రీచార్జి చేసుకోకుండా ఇన్నాళ్లూ ఏం జేస్తాండావ్ మే?" అని అరిచాను. అరిచాక నా సంగతి గుర్తొచ్చింది. ఆధార్‌కిచ్చిన నా ఫోను నంబరుకు నేను చేశానా? గల్ఫుకొచ్చాక ఊరి సిమ్ము ఎవరికి గుర్తుంటుంది?

మేడమ్ పడుకుని ఉంది, లేస్తే ఇక ఫోను ముట్టుకోలేం. సైటు నా ఫోనులో తెరిచి, ఆమె ఫోనునుంచి ఆ పాత నంబరుకే చేయించాను. ఎవరో మగమనిషి ఎత్తి, ఓటీపీ అడిగేవాళ్లంతా దొంగలేనని పెట్టేశాడట. నేనైనా అదే అనేదాన్ని. అయినా ఊరుకోలేక మళ్లీ చేయించాను.

ఈసారి కూతురి పేరేంటని అడిగాడట. చెప్పింది.   తర్వాత అతనన్నది ఆమె నాకు ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఆ పేరుగల పిల్ల ఒకతి కొట్టు ఫోనునుంచి అతనికి చేస్తూ ఉంటుందట. ఇది మీ అమ్మ నంబరు కాదని ఎంత చెప్పినా వినకుండా తన బాధలు చెప్పుకుంటుందట. ఆ పిల్లకు కంఠతా వచ్చిన నంబరు అదొక్కటే. వారానికోసారి అమ్మమ్మ ఫోనులో తల్లితో "బాగున్నా" అని పెట్టేసే పిల్ల కూడా అదే.

ఓటీపీ పంపమని నొక్కాను. అతను చదివాడు.

"చెప్పు మే, టైమైపోతాంది!" అన్నాను.

ఆమె చెప్పలేదు. ఆ ఓటీపీ గడువు దాటింది, మళ్లీ నొక్కాను. ఆమెకు అదేం పట్టలేదు. ఫోను చెవికి అదుముకుని అతన్ని అడిగిందే అడుగుతోంది. వాళ్ల భాష నాకు రాదు గానీ, తన బిడ్డ ఏమనేదని అడుగుతోందని తెలిసిపోయింది. ఇక తొందరపెట్టకుండా, మేడమ్ గది వైపు ఒక కన్నేసి ఆమె పక్కన కూర్చున్నాను.