డైరెక్టు బండి లేని ఊరి కాలేజీ

మా అన్నయ్య గూడ్సు బండి గార్డు. కూతురికి ఏ కాలేజీ పేరు చెప్పినా అతను మొదట అడిగేది, "డైరెక్టు బండుందా?" అనే. రైల్వే పాసు మీద తిరిగిన కుటుంబాలు మావి. బండి లేని ఊరు మాకు ఊరే కాదు.

మేనకోడలికి జగదల్‌పూర్‌లో వ్యవసాయ డిగ్రీ సీటొచ్చింది. మేముండే బిలాస్‌పూర్ నుంచి అక్కడికి డైరెక్టు బండి లేదు, బస్సులోనే పోవాలి. సాయంత్రంలోగా ఫోన్‌లో ఖాయం చేసుకోకపోతే సీటు పోతుంది. అన్నయ్యేమో వైజాగ్ అంటాడు. బ్యాంకులో పనిచేస్తున్నదాన్ని కదా, నాలుగు మాటలు చెప్తానని వదిన నన్ను పిలిపించింది. చెప్పడానికి ముందు ఏది మంచిదో నాకు తెలియాలిగా! వాళ్ళ క్వార్టర్ వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

"ఏటే, బస్సెక్కి సదువుకెల్తాదా? వైజాగ్ బండిలో అయితే టీసీలు, గార్డులు అందరూ మనోలే. ఆ బస్సులో ఏటైనా అయితే ఎవులున్నారు?" అన్నాడు అన్నయ్య.

అతని భయం అబద్ధం కాదు. కానీ ఆ మనవాళ్ళ సంగతి నాకు తెలుసు. రాయ్‌పూర్‌లో చదివే రోజుల్లో లోకల్ బండిలో ఒక అబ్బాయి పక్కన కూర్చుని సమోసా తిన్నాను. నేను ఇల్లు చేరేలోపే మా నాన్నకి కబురు చేరింది. నాకు ఆ కోపం ఇంకా చల్లారలేదు.

పిల్లని పెరట్లోకి లాక్కెళ్ళి, "నిజంగా ఇష్టమా, ఒట్టి మొండితనమా?" అని కసిరాను.

"ఇష్టమే అత్తా. లింగియాడీహ్‌లో మొక్కల నర్సరీకి రోజూ ఏటికెల్తన్నాననుకున్నావు? ఔర్ ఏక్ బాత్... ఆ బస్సులో నాన్నని ఎరిగినోలు ఒక్కలూ ఉండరు కదా."

ఇంక నేను ఆగలేదు. లోపలికెళ్ళి, "పద్దెనిమిదేళ్ళు కాపలా కాసావు, సాల్లే!" అని అన్నయ్య మీద అరిచేశాను. అతను ఫోను నా వెనకే వచ్చిన కూతురి వైపు జరిపాడు.

మొన్న పిల్ల వెళ్ళేరోజు బస్టాండులో అన్నయ్య బస్సెక్కి, ఒక్కో సీటులో మొహాలు చూసుకుంటూ వెనకదాకా వెళ్ళి దిగాడు.

"ఎరిగినోలు ఒక్కలూ లేరే," అన్నాడు మెల్లగా.

పంపమని అరిచింది నేనే. పిల్ల చూడకుండా, డ్రైవర్ చేతిలో అన్నయ్య నంబరు పెట్టి వచ్చింది కూడా నేనే.