గ్రనాడా లొంగని సాయంత్రం

ఆ రోజుల్లో, అంటే శంషాబాద్‌లో విమానాలు దిగడం ఇంకా అందరూ తలెత్తి చూసే వింతగా ఉన్న రోజుల్లో, ఇంగ్లీషులో చెప్పిన ప్రతి మాటా గొప్పదేనని నమ్మే వయసు నాది. కోస్తా నుంచి వచ్చి అత్తాపూర్‌లో స్థిరపడిన కుటుంబం మాది. ఎయిర్‌పోర్టు పక్కన సరుకులు రవాణా చేసే ఓ కంపెనీలో కొత్తగా గుమస్తాగా చేరాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. (మెడలో గుర్తింపు కార్డు మాత్రం అన్నం తినేటప్పుడు కూడా తీసేవాణ్ణి కాదు.)

మా యంత్రాలు చూసుకోవడానికి స్పెయిన్ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. మనం ‘అయ్యా’ అన్నట్టు, తనను ‘సెన్యోర్’ అనమన్నాడు. మా డ్రైవర్లు ఆయన్ని ‘సిన్నోరు’ చేసేశారు. కంపెనీ వార్షికోత్సవానికి తమ ఊళ్లో ఏటా ఆడే నాటకం వేద్దామన్నాడు సిన్నోరు. పూర్వం స్పెయిన్ రాజు గ్రనాడా కోటను ముట్టడించి అక్కడి సుల్తానును ఓడించాడు. ఆ తర్వాతి రాజుల చల్లని నీడలో బతికిన నాటక కవులు ఆ విజయాన్ని రంగస్థలం ఎక్కించారు. ఏళ్ల తరబడి సాగిన యుద్ధం వాళ్ల చేతిలో ఒక్క పూటలో ముగుస్తుంది. రాజుగారికి చిన్న గాయమైనా కాదు, ఆయన గుర్రానికి చెమటైనా పట్టదు. ముట్టడిలో ఆకలికి మాడినవాళ్లు, బానిసలుగా అమ్ముడుపోయినవాళ్లు కవుల కంట పడనే పడరు. చివర్లో సుల్తాను తనంతట తానే నడిచొచ్చి, కోట తాళంచెవి చేతికిచ్చి, ఇంత మంచి ప్రభువు చేతిలో ఓడటం తన అదృష్టమని ఆనందబాష్పాలు రాలుస్తాడు. ఆపైన మతం కూడా మార్చుకుంటాడట గానీ, మా మేనేజరు గారు “ఆ గొడవ మనకెందుకయ్యా, తాళంచెవి దగ్గర ఆపేయ్” అని కత్తిరించారు.

తెలుగు చేసే పని నాకప్పగించారు. ‘పరాజయ పరమానంద పారవశ్యమున’ లాంటి సమాసాలు పేర్చి, వాటిని నేనే పైకి చదువుకుని మురిసిపోయాను. అంత రాసినవాణ్ణి కనక రాజు వేషం కూడా నాకే దక్కింది. సుల్తాను వేషం మా డ్రైవర్ల మేస్త్రీది. పక్కనే ఉన్న తొండుపల్లి మనిషి. మీసాలు ఘనంగా ఉండేవి కాబట్టి అందరికీ మీసాలన్న. వాళ్ల పొలం ఎయిర్‌పోర్టు కింద పోయింది. ఆ సంగతి నాకూ తెలుసు. తెలిసి కూడా ఆ వేషానికి ఆయనే సరిగ్గా ఉంటాడని అన్నది నేనే, అదీ మీసాలు చూసి.

రిహార్సల్లో ఆయన ఒకటే అడిగాడు. “తమ్మీ, ఓడిపోయినోడు ఎందుకు మురుస్తడు?”

“కవి అలా రాశారండీ.”

“కవిది ఏమన్న పోయిందా ఏంది?”

“అది కళ అన్నా” అన్నాను, సిన్నోరు దగ్గర అంతకుముందు రోజే విన్న మాటను సొంతం చేసుకుని. ఆయన “గట్లనా” అని మీసం సర్దుకున్నాడు.

నాటకం రోజు సాయంత్రం ఫంక్షన్ హాలు నిండిపోయింది. మీసాలన్న వాళ్లమ్మ ముందు వరుసలో కూర్చుంది. అన్నీ సవ్యంగానే సాగాయి. సుల్తాను తాళంచెవి తీశాడు. నేను వెండికాగితం కత్తి దించి చెయ్యి చాపాను. అప్పుడు ముందు వరుసలోంచి ఆమె, పొరుగింటివాళ్లతో మాట్లాడినంత మామూలుగా అంది: “ఇయ్యకు బిడ్డా. ఒకపారి ఇచ్చి సూస్తిమి గద.”

మీసాలన్న నన్ను చూశాడు, వాళ్లమ్మను చూశాడు, తాళంచెవిని మొలలో దోపుకున్నాడు. నా వెనకున్న స్పెయిన్ సైన్యం (అందరూ చుట్టుపక్కల ఊళ్ల హమాలీలే) ఒక్కొక్కరే నడిచి వెళ్లి సుల్తాను పక్కన నిలబడ్డారు. తెర చాటు నుంచి మేనేజరు గారు “బతిమాలవయ్యా” అని పళ్లు నూరుతున్నారు. ఏం చేయాలో తోచక మోకాళ్ల మీద కూలబడ్డాను. “అన్నా, దయచేసి ఇచ్చేయండి. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.” మైకు ఆ మాటను హాలంతా వినిపించింది.

“కావాల్నంటె గుంజుకపో తమ్మీ” అన్నాడాయన నెమ్మదిగా. “నేను మురిసి ఇచ్చిన అని మాత్రం రాయకు.”

ఈలల, చప్పట్ల మధ్య తెర పడింది. మేనేజరు గారు ఊగిపోతూ, రేపటి నుంచి ఆ మేస్త్రీ పనిలోకి రానక్కర్లేదన్నారు. ఇంతలో సిన్నోరు కళ్లు తుడుచుకుంటూ వచ్చి మీసాలన్న చెయ్యి పట్టుకున్నాడు. “మా ఊళ్లో మా తాత సుల్తాను వేషం వేశాడు, మా నాన్న వేశాడు. ఇద్దరూ ఏటా తాళంచెవి ఇచ్చారు. ఇవ్వకపోవచ్చని మాలో ఒక్కడికీ తోచలేదు” అన్నాడు. తెల్లవాడు మెచ్చుకున్నాక మేనేజరు గారికి కూడా నాటకం బాగానే తోచింది. మీసాలన్న పని నిలిచింది. కొన్నాళ్లకు నా ఉద్యోగమూ ఖాయమైంది. (మోకాళ్ల చలవేనని డ్రైవర్లు అనేవారు.)

తర్వాత కంపెనీ పత్రికలో ఫొటో వేశారు. కింద వాక్యం నాటకానికి ముందే ప్రెస్సుకు వెళ్లిపోయింది: ‘స్పెయిన్ రాజుకు మోకరిల్లి, ఆనందబాష్పాలతో కోట అప్పగిస్తున్న గ్రనాడా సుల్తాను.’ ఎవరూ దిద్దలేదు.

మొన్న మా అమ్మాయి ఆ పత్రిక తీసి అడిగింది. “నాన్నా, నువ్వు రాజువా, సుల్తానువా?”

“రాజునే తల్లీ.”

“మరి కిరీటం పెట్టుకుని మోకాళ్ల మీద ఏడుస్తున్నదెవరు?”

ఫొటోను దగ్గరికి తీసుకుని చూశాను. సన్నగా, బెదురు చూపులతో, మెడలో కిరీటానికి పోటీగా గుర్తింపు కార్డు వేలాడుతున్న ఆ కుర్రవాడి మీద జాలీ, నవ్వూ కలిసి వచ్చాయి.

“గెలిచినవాడే” అన్నాను. “కింద రాశారు కదా.”