ముప్పై ఏడో మేకు

పాఠక మహాశయులారా, ముందుగా సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. బందరు పక్క గూడూరు దగ్గర గ్యాసు బోరు సైటులో నేను పనిచేసిన రెండేళ్ళలో ఇంజనీరు గారి హెల్మెట్టులో బతికున్న ఎండ్రకాయను పెట్టినందుకు, గేటు దగ్గరి ఈలలో ఉప్పు పోసినందుకు, ‘ప్రమాదం, దగ్గరికి రావద్దు’ అన్న బోర్డును క్యాంటీను సాంబారు గుండిగకు తగిలించినందుకు సిగ్గుతో తల వంచుకుంటున్నాను. ఇవేవీ నేను చేయలేదు. అయినా క్షమాపణ చెబుతున్నాను. ఇవన్నీ నేనే చేశానని గట్టిగా నమ్మిన ఏకైక మనిషి మొన్న శనివారం పొద్దున పోయాడు. నమ్మేవాడు లేకపోయాక బుకాయించడంలో రుచి ఉండదు.

కబురు చెప్పింది అప్పట్లో మా సైటులో క్రేను నడిపినవాడు. “గేటు మావయ్య పోయాడ్రా. కాఫీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి, మంచం మీద అలా వాలాడంట. ఇంక నీ మీదున్న కేసులన్నీ కొట్టేసినట్టే” అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఆ తర్వాత ఫోనులోనే ఆ కేసులన్నీ ఒక్కొక్కటిగా మళ్ళీ విచారించుకున్నాం. వాడికి బిల్లు బాగానే పడి ఉంటుంది.

తొంభైల చివర్లో మాట. వరి చేల మధ్య నేల చదును చేసి, ఇనప టవరు నిలబెట్టి, భూమి లోపలి గ్యాసు కోసం బోరు దించుతున్నారు. నేను బందరులో బీయస్సీ పూర్తి చేసి, దేశం నా సేవల కోసం ఎదురు చూస్తోందన్న నమ్మకంతో కొన్నాళ్ళు ఇంట్లో కూర్చుని, చివరికి ఆ సైటుకి సిమెంటు బస్తాలు తోలే కాంట్రాక్టరు దగ్గర సూపర్వైజరుగా చేరాను. అంటే, బస్తాలు మోయకుండానే చెమట పట్టించుకునే ఉద్యోగం.

ఆ సైటులోకి ఎవరు అడుగు పెట్టాలన్నా, కాంట్రాక్టరు మనిషైనా సరే, ఊరికే చూసిపోదామని వచ్చిన పెద్దమనిషైనా సరే, గేటు పక్క రేకుల షెడ్డులో పావుగంట కూర్చుని సేఫ్టీ పాఠం వినాలి. ఆ పాఠం చెప్పేది మావయ్య. కాగితాల మీద ఆయన గేటు కాపలాదారు, సైటులో అందరికీ మావయ్య. నాగాయలంక అవతల సముద్రం ఒడ్డు పల్లె ఆయనది, ఒకప్పుడు చేపల వేటకెళ్ళినవాడు. సేఫ్టీ ఆఫీసరు గారు ఇంగ్లీషులో ఇచ్చిన మూడు పేజీల పాఠాన్ని ఎవరిచేతో చదివించుకుని, తన భాషలోకి దించుకుని, తనకు నచ్చనివి తీసేసి, తనకు తెలిసినవి కలుపుకున్నాడు.

నేను మొదటి రోజు విన్న పాఠం ఇప్పటికీ అప్పజెప్పగలను.

“అందరికీ నమస్కారమండీ. తొందరున్నోళ్ళు ఎవరన్నా ఉంటే ఇప్పుడే లేచి ఇంటికెళ్ళిపోండి. లోపలికి మాత్రం ఎళ్ళొద్దు. అగ్గిపెట్టెలు, బీడీలు ఈ బుట్టలో ఎయ్యండి. ఎవరివి ఆళ్ళకి ఇచ్చేత్తాను, నేను కాల్చను, మా ఆవిడ ఒప్పుకోదు. హెల్మెట్టు వాసనొస్తందంటారు. మీకన్నా ముందు పెట్టుకున్నోడు బతికి బైటికొచ్చాడు కాబట్టే వాసనొస్తంది. అదుగో, టవరు పక్కన ఎర్రగుడ్డ సంచి ఎగురుతుందే, అది చూసుకోండి. సైరను మోగిందంటే ముందు పనిచెయ్యాల్సింది కాళ్ళు కాదు, కళ్ళు. సంచి తోక ఎటు ఊగితే గ్యాసు అటు పోద్ది. మీరు దానికి ఎదురు పోవాలి. ఎదురు కుదరకపోతే పక్కకి పోవాలి. మా వేటోళ్ళకి ఇది పుట్టుకతో వచ్చుద్ది. మీరు చదువుకున్నోళ్ళు, కాస్త కష్టపడాలి.”

చివర బిళ్ళ సంగతి. గేటు దగ్గర గోడకి ఒక చెక్క బోర్డు, దానికి అరవై మేకులు, ఒక్కో మేకుకి ఒక నంబరు. మనిషి లోపలికి వెళ్ళేటప్పుడు అతని నంబరు ఉన్న రేకు బిళ్ళను మావయ్య ఆ మేకుకి తగిలిస్తాడు. బయటికి వచ్చేటప్పుడు ఆ మనిషే దాన్ని తీసి మావయ్య చేతిలో పెట్టాలి. “మేక్కి బిళ్ళుంటే మనిషి లోపలున్నట్టు. మేకు ఖాళీగా ఉంటే మనిషి ఇంటికెళ్ళినట్టు. పొద్దుగూకేసరికి నా మేకులన్నీ ఖాళీ అవ్వాలి. అప్పుడే నాకు అన్నం సయించుద్ది” అన్నాడు.

నాది ముప్పై ఏడో మేకు.

కొత్తగా డిగ్రీ చేతికొచ్చినవాడికి నోరు ఊరుకోదు కదా. “మావయ్యగారూ, ఇదంతా అచ్చు వేయించి తలా ఒకటి పంచితే చదువుకుంటాం కదండీ” అన్నాను.

ఆయన నన్ను బూట్ల నుంచి హెల్మెట్టు దాకా చూశాడు. “చదివినోడు కాయితాన్ని జేబులో పెట్టుకుంటాడు బీయస్సీ. యిన్నోడు కాళ్ళల్లో పెట్టుకుంటాడు” అన్నాడు. ఆనాటి నుంచి ఆయన నోట నా పేరు బీయస్సీ. మార్కులు ఎన్నొచ్చాయో మాత్రం ఎన్నడూ అడగలేదు, అది ఆయన సంస్కారం.

ఒకరోజు క్యాంటీనులో బల్ల ఎక్కి, మెడలో తువ్వాలు వేసుకుని, కాస్త బొంగురు గొంతు పెట్టి మావయ్య పాఠం మొత్తం అభినయించాను. కూలీలు పడీ పడీ నవ్వుతున్నారు. ఉన్నట్టుండి నవ్వు ఆగిపోయింది. వెనక్కి తిరిగితే గుమ్మంలో మావయ్య. నేను బల్ల దిగలేక, ఉండలేక నిలబడ్డాను.

“బాగానే ఉంది” అన్నాడు, మజ్జిగ గ్లాసు అందుకుంటూ. “గాలి సంచి సంగతి మర్చిపోయావు. ఎదురు కుదరకపోతే పక్కకి అన్న ముక్క ఎగ్గొట్టేశావు. ఆ ముక్క లేకపోతే సగం మంది పోతారు. మళ్ళీ మొదట్నించీ చెప్పు.”

మళ్ళీ మొదటి నుంచీ చెప్పించాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత ఆయనకు గొంతు పట్టేసిన రోజుల్లో పాఠం నాకే అప్పజెప్పేవాడు. తను వెనక బెంచీ మీద కూర్చుని, ముక్క తప్పితే చెప్పుతో నేల మీద రెండుసార్లు కొట్టేవాడు. నా మీద ఎండ్రకాయ కేసు నడుస్తున్న రోజులవి. అనుమానం అనుమానమే, పని పనే.

ఇంకొకసారి గుడివాడ వైపు నుంచి ఒక పెద్దమనిషి రెండు కార్లలో, మల్లెపూవులాంటి పంచెలో, చేతిలో సిగరెట్టుతో దిగాడు. బోరు చూడాలట. పాఠం వినే తీరిక లేదట.

“నేనెవరో తెలుసా?” అన్నాడు.

“తెలుసండీ. అందుకేనండీ మీ బిళ్ళ ఒకటో మేక్కి తగిలిస్తున్నాను. ఏదన్నా అయితే ముందు మిమ్మల్నే ఎతుకుతాం” అన్నాడు మావయ్య, బుట్ట చాపుతూ. “సిగరెట్టు ఇందులో కాదండీ, ముందు ఆర్పి ఆ ఇసక బకెట్లో. మీరెంత గొప్పోరో మాకు తెలుసుగానీ, లోపల గ్యాసుకి తెలవదు కదండీ.”

పెద్దమనిషి పావుగంటా కూర్చున్నాడు. వెళ్ళేటప్పుడు బిళ్ళ తీసి తన చేత్తోనే ఇచ్చాడు. మావయ్య దాన్ని తువ్వాలుతో తుడిచి డబ్బాలో వేసుకుని, “చూశావా, మంచోడే. చెప్పేవోళ్ళు లేకా” అన్నాడు.

మధ్యాహ్నాలు ఆయన క్యారేజీలోంచి నాకు వాటా ఉండేది. అత్తయ్య వండిన మట్టగిడస చేపల పులుసు. ఇద్దరికి సరిపడా పెట్టి పంపేదంటే, నా సంగతి ఇంట్లో చెబుతూ ఉండేవాడన్నమాట. అలా తింటున్న ఒకరోజు అడిగాను. “ఈ బిళ్ళల పిచ్చి ఏంటి మావయ్యా? మనుషుల్ని చూస్తే తెలవదా ఎవరున్నారో?”

ఆయన ముల్లు తీసి పక్కన పెట్టి, “ఉప్పెన ముందురోజు మా పల్లెలో ఎంతమందున్నారో చెప్పు చూద్దాం” అన్నాడు.

“నాకెలా తెలుసుద్ది?”

“మాకూ తెలవదు. చుట్టపుచూపుగా వచ్చినోళ్ళు వచ్చారు. ఎళ్ళినోళ్ళు ఎళ్ళారు. మా తమ్ముడు ముందురోజు అవనిగడ్డ ఎళ్తానన్నాడు. ఎళ్ళాడనుకున్నాను. నాలుగు రోజులు అందర్నీ ఎతికాను, వాణ్ణి తప్ప. వాడు ఎళ్ళలేదు.” చెయ్యి కడుక్కుంటూ, “ఎవడు లోపలున్నాడో బైటున్నోడికి తెలియాలి బీయస్సీ. అంతే. ఇంకేం లేదు” అన్నాడు.

ఆ పూట ఆయన క్యారేజీ నేనే కడిగి తెచ్చాను.

ఇక సైరను మోగిన రోజు. మధ్యాహ్నం మూడింటి వేళ బోరులోంచి గ్యాసు ఎదురు తన్నింది. సైరను మోగగానే జనం గాలి సంచి చూసుకుని, పాఠంలో చెప్పినట్టే కాలవ గట్టు మీదికి వచ్చి నిలబడ్డారు. ఒక్కడు కూడా తప్పు దారి తొక్కలేదట. మావయ్య బోర్డు ఊడబెరుక్కుని గట్టు మీదికి తెచ్చి, మనుషుల్ని పిలిచి బిళ్ళలు తీస్తూ వచ్చాడట. గ్యాసును అదుపు చేయడానికి లోపలే ఉండిపోయిన బోరు పనివాళ్ళవి పోను, చివరికి ఒక్క బిళ్ళ మిగిలింది. ముప్పై ఏడు.

మూడుసార్లు కేకేశాడట. తర్వాత తువ్వాలు తడిపి ముక్కుకి కట్టుకుని, ఆఫీసరు గారు వద్దు వద్దని అరుస్తున్నా వినకుండా లోపలికి వెళ్ళాడు. సిమెంటు షెడ్డు వెతికాడు. పైపుల దొంతరల మధ్య వెతికాడు. మరుగుదొడ్ల తలుపులన్నీ తట్టాడు. బురద గుంట అంచున జారి పడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. లేచి మళ్ళీ వెతికాడు. లోపలి పనివాళ్ళు గ్యాసును అదుపు చేశాక, ఇద్దరు పట్టుకుంటే గానీ ఆయన బయటికి రాలేదు.

సాయంత్రం ఎంక్వయిరీ. రికార్డు ప్రకారం జరిగింది ఇదీ: నేను మధ్యాహ్నమే గేటులో చెప్పి బయటికి వెళ్ళాను. బిళ్ళ తీయించడం గేటు మనిషి మర్చిపోయాడు. అలాగని మావయ్యే చెప్పాడు, కింద కుడిచేత్తో సంతకం పెట్టాడు. ఆఫీసరు గారు చెడ్డవాడు కాదు. “పెద్దాయనకి మతిమరుపు వస్తోంది” అని జాలిపడి, ఉద్యోగం తీసేయకుండా స్టోరుకి మార్చాడు. రేకుల షెడ్డులోకి ఒక టీవీ వచ్చింది. పాఠం క్యాసెట్టులోకి వెళ్ళిపోయింది. అందులో కోటు వేసుకున్నాయన ఇంగ్లీషులో చెబుతుంటే మా కూలీలు హాయిగా కునుకు తీసేవారు.

అయితే పది రోజుల్లోనే ఒక వింత మొదలైంది. కొత్తగా వచ్చిన ప్రతి కూలీ టీవీ ముందు కూర్చుని, సంతకం పెట్టి, సరాసరి స్టోరు కిటికీ దగ్గరికి వెళ్ళేవాడు. బోల్టులు లెక్కపెట్టుకుంటున్న మావయ్య తల ఎత్తకుండానే, “అందరికీ నమస్కారమండీ. తొందరున్నోళ్ళు ఎవరన్నా ఉంటే...” అని మొదలుపెట్టేవాడు. ఆఫీసరు గారు ఒకటి రెండుసార్లు అటుగా వచ్చి, చూసి, చూడనట్టు వెళ్ళిపోయాడు. కానీ బోర్డు ముందు నిలబడి, మనుషుల కళ్ళల్లోకి చూసి చెప్పడం మావయ్యకి మళ్ళీ దొరకలేదు. అప్పుడప్పుడు స్టోరు గుమ్మంలోకి వచ్చి షెడ్డు వైపు చూసేవాడు. వంకరగా అతుక్కున్న ఆ మణికట్టును రెండో చేత్తో పట్టుకుని నిలబడేవాడు.

బోరు పని అయిపోయి టవరు విప్పి తీసుకుపోయాక ఎవరి దారిన వాళ్ళం పోయాం. నేను ఏడాదికి ఒకసారి ఆయన్ని చూడ్డానికి వెళ్ళేవాణ్ణి. “ఎండ్రకాయ నువ్వే కదా?” అని అడిగేవాడు. “కాదు మావయ్యా” అనేవాణ్ణి. “సరేలే, తిను” అనేవాడు.

మొన్న వెళ్ళేసరికి వాకిట్లో జనం పల్చబడ్డారు. అత్తయ్య వంటింటి గుమ్మం పక్కన కూర్చుని ఉంది. ఆమె వెనక గోడకి మా సైటు బోర్డు. పాత ఇనుము వాళ్ళు పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడట. మేకులకి తాళాలు, చేతిసంచి, కరెంటు బిల్లులు, మనవడి టోపీ, జల్లెడ, మందుల సంచి. ఇల్లంతా ఆ బోర్డు మీదే ఉంది. మధ్యలో ఒక్క మేకు మాత్రం ఖాళీగా ఉంది.

“ఆ మేక్కి ఏదీ తగిలించనిచ్చేవాడు కాదు బాబూ” అంది అత్తయ్య, నేను చూడటం చూసి. “ఓసారి నేను గరిటె తగిలిస్తే తీసేశాడు. ఆ మనిషి ఇంటికెళ్ళాడే, ఖాళీగానే ఉండాలి అన్నాడు. ఎవరిదో నీకేవన్నా తెలుసా?”

తెలియదన్నాను.

కాబట్టి, పాఠక మహాశయులారా, ఎండ్రకాయ నాది కాదు, ఉప్పు నాది కాదు, సాంబారు బోర్డు నాది కాదు. నేను చేసింది ఒక్కటే. ఆ రోజు నేను గేటులో ఎవరికీ చెప్పలేదు. కాలవ వైపు కంచె కింద నుంచి దూరి, గుడివాడ బస్సెక్కి మ్యాట్నీకి వెళ్ళాను. మావయ్య మరుగుదొడ్ల తలుపులు తడుతున్న వేళకి నేను ఇంటర్వెల్లులో మిరపకాయ బజ్జీ తింటున్నాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆయన గట్టు మీద కూర్చుని ఉన్నాడు, చేతికి కర్ర కట్టు, ఒళ్ళో బోర్డు. నా మోకాళ్ళకి అంటిన మట్టి చూశాడు. నా భుజాలు, చేతులు, తల, మంచి చేత్తో ఒక్కొక్కటే తడిమి చూశాడు. “వచ్చావా” అన్నాడు. “బిళ్ళ తీసెయ్.”

తీసి ఆయన చేతిలో పెట్టాను. కాసేపటికి ఆయన ఎంక్వయిరీ కాగితం మీద సంతకం పెడుతుంటే పక్కనే నిలబడి ఉన్నాను, నోరు తెరవలేదు.