తాత అడిగిన వన్స్ మోర్

మొన్న మనవడు ఫోనులో మా చిన్నమావయ్య పాత సినిమా పెట్టాడు. పద్యం అయిపోగానే వేలితో వెనక్కి జరిపాడు. మావయ్య మళ్ళీ మొదటినుంచి పాడాడు.

మద్రాసు వెళ్ళకముందు మావయ్య విజయనగరం చుట్టుపక్కల ఊళ్ళలో పద్యనాటకాలాడేవాడు. ఆయన తండ్రి, అంటే మా తాత, ముందు వరసలో కూర్చుని "వన్స్ మోర్" అంటే ఆ పద్యం మళ్ళీ పాడాల్సిందే. తాత తల ఊపేవరకూ రాగం సాగుతూనే ఉండేది.

మావయ్య తొలి సినిమా మా ఊరి హాలుకు వచ్చేనాటికి నాకు ఏడేళ్ళు. పద్యం ముగియగానే తాత అలవాటుగా "వన్స్ మోర్" అన్నాడు. తెర మీద మావయ్య గుర్రమెక్కి వెళ్ళిపోయాడు. జనం నవ్వారు. తాత కండువా సర్దుకుని తల దించుకున్నాడు. సినిమా వేషం దొరికేసరికి మావయ్యకు పొగరెక్కిందని నాకు ఒళ్ళు మండింది.

నెల తర్వాత ఆయన ఇంటికొచ్చి బిస్కట్ల డబ్బా ఇస్తే ముట్టుకోలేదు.

"ఏటే, అలిగావేటి?" అన్నాడు.

"తాత మల్లీ పాడమంటే నువ్వెందుకు పాడనేదు? అందరూ నవ్వినారు."

మావయ్య నవ్వలేదు. వాకిట్లో వేరుశనక్కాయలు వలుస్తున్న తాత ఎదుట నిలబడి ఆ పద్యం ఎత్తుకున్నాడు. చివర రాగం లాగుతూనే ఉన్నాడు. తాత వలవడం ఆపాడు. చాలాసేపటికి తల ఊపాడు.

తర్వాత మావయ్య ఎన్నో సినిమాల్లో వేసి పేరు తెచ్చుకున్నాడు. ఫోనులో మాత్రం రాగం ప్రతిసారీ ఒక్కచోటే ఆగిపోతోంది.

"ఇంకోసారి పెట్టనా?" అన్నాడు మనవడు.

వద్దన్నాను.