అవ్వకు రెండు తేదీలు

తొమ్మిదో తరగతిలో నేనూ బడీ ఒకరినొకరు వదిలించుకున్నాం. ప్రోగ్రామింగ్ ఆ తర్వాత తిరుపతిలో సెల్‌ఫోన్ల రిపేరు అంగట్లో కూర్చుని, వీడియోలు చూసి నేర్చుకున్నాను. మొదట రాసింది ఇంటివాళ్ల కోసమే. తెలుగు నెల, తిథి కొడితే ఈ ఏడు అది ఏ ఇంగ్లీషు తేదీన పడుతుందో చెబుతుంది.

అందరి పుట్టినరోజులూ వచ్చాయి. అవ్వ వంతు వచ్చింది. అధిక జ్యేష్ఠ శుద్ధ పంచమి అంది. కొట్టాను. నేను రాసిపెట్టిన మాటే తెరమీద నన్ను వెక్కిరించింది: "అలాంటి తేదీ లేదు."

చంద్రుడి ఏడాది సూర్యుడి ఏడాది కంటే పొట్టిది. లెక్క సరిపెట్టడానికి రెండు మూడేళ్లకోసారి పంచాంగంలో ఒక నెల అదనంగా వస్తుంది. అది జ్యేష్ఠంలోనే రావాలంటే చాలా ఏళ్లు పడుతుంది. అవ్వ పుట్టింది ఆ నెలలో. అందుకే ఆమెకు ఎన్నడూ పుట్టినరోజు చేయలేదు; ఆ నెల వచ్చిన ఏడు ఎవరికీ గుర్తుండేది కాదు. అన్నల పుట్టినరోజులకు పూర్ణం పెట్టిన ఓళిగలు వడ్డిస్తూ పెరిగింది. కంప్యూటరైనా ఒప్పుకుంటుందేమోనని ఆశపడింది.

"అంటే నేను పుట్టనే లేదంటాదా నీ పెట్టె?"

శ్రీ సిటీలో ఒక కంపెనీకి ప్రోగ్రాములు రాసే మా అక్క మొగుడు పక్కనే ఉన్నాడు. "అది కరెక్టే చెప్పిందవ్వా. లేని తేదీని యాడ నుంచి తెచ్చేది?"

"ఆ అధిక నెల్లో జీతమిస్తే వద్దంటావా నువ్వు?"

నాకూ రోషమొచ్చింది. మా అవ్వను లేదనడానికి నా ప్రోగ్రాం ఎవరు? వీధి చివర పంతులును అడిగాను. అధికం రాని ఏడు మామూలు జ్యేష్ఠంలోనే చేసుకోవచ్చన్నాడు.

"మావోళ్లకు ఈ మాట ఎవురూ చెప్పలేదే," అన్నాను.

"అడిగుంటే గదప్పా చెప్పేది."

ఇంటికొచ్చి అట్లాగే మార్చి రాశాను. బావ అడ్డం పడ్డాడు. "రేయ్, అధికం వచ్చిన ఏడు రెండు జ్యేష్ఠాలుంటాయి గదరా. ఏది సూపిస్తావు?"

"రెండూ," అంది అవ్వ.

"ఒక మనిషికి రెండు పుట్టినరోజులొస్తే దాన్ని బగ్గంటారవ్వా, ప్రోగ్రాంలో తప్పు."

"ఇన్నేళ్లు ఒక్కటీ రానప్పుడు దాన్నేమనినారు?"

నేను రెండూ వచ్చేట్టు రాశాను. ప్రోగ్రాంలో ఆ వరుస తీసేయమని బావ ఇప్పటికీ చెబుతుంటాడు. తీయలేదు, తీయను.

ఆ జ్యేష్ఠ పంచమినాడు అవ్వ పొయ్యి దగ్గరికి పోలేదు. పీట వాల్చుకుని కూర్చుంది. వడ్డన బావ వంతని తనే తేల్చేసింది.

"ఇంకో ఓళిగ వెయ్యి నాయనా. నెయ్యి బిగబట్టొద్దు."