ఈ గాలిది ఎన్నో అంకె

పాతిన గుంజ ఏది కనబడినా రాజనర్సు అరచెయ్యి ఆనించి ఒకసారి నెట్టి చూసేవాడు. అది కదలకపోతే చెయ్యి దులుపుకొని నడిచేవాడు. తాను పాతినదైనా, పరాయివాళ్లు పాతినదైనా అంతే.

అతనిది సిరికొండ. పెళ్లయ్యాక బోధన్ వైపు వచ్చి, కాలువ కింద వ్యవసాయం చేసే కోస్తా రైతులకు రేకుల కొట్టాలు వేసేవాడు. నాట్లు అయిపోయి మనుషులకు తీరిక దొరికే వానాకాలంలోనే ఆ పని నడిచేది. కొట్టానికి రాజనర్సే అన్న పేరు ఒక్కటే అతను సంపాదించుకున్నది.

తొంభై ఆరు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం చెరకు మళ్ల మీదుగా సుడిగాలి లేచి, సుబ్బరత్నం అనే రైతు పెరట్లోంచి పోయింది. అతను వేసిన కొట్టం పక్కకు ఒరిగి పడింది. బర్రెలు కాలువ దగ్గర ఉండబట్టి బతికాయి.

“సుడిగాలయ్యా అది, నువ్వు మాత్రం ఏం చేస్తావు? మళ్లీ నువ్వే వేద్దువుగాని” అంది సుబ్బరత్నం.

ఆ మాటకు అతని మనసు కుదుటపడాలి. పడలేదు. పడగొట్టింది గాలా, తన చెయ్యా? తాను వేసిన అలాంటిదే ఇంకో కొట్టం కింద బసవమ్మ అనే ముసలామె రోజూ మధ్యాహ్నం మంచం వేసుకొని పడుకుంటుంది.

నిజామాబాద్‌లో, కంఠేశ్వర్ దగ్గర సైకిల్ దుకాణం నడిపే బావ ఆత్మారాంను అడగడానికి వెళ్లాడు. ఆదివారం పేపరు అక్షరం వదలకుండా చదివే మనిషి.

“బావా, సుడిగాలి ఎంత పెద్దదో ఎట్ల తెలుస్తది?”

“అమెరికాల అంకెలేస్తరట బామ్మర్ది. సున్నా నుంచి ఐదు దాక. సున్నాకు కొమ్మలిరుగుతయ్. ఐదుకు ఇల్లు లేచిపోయి బండలే మిగుల్తయ్.”

“గాలి లోపలికి పోయి ఎవలు కొలుస్తరు?”

“పోయినోడు చెప్పనీకి ఉంటడా? గాలి పోయినంక పడ్డదాన్ని సూసి అంకేస్తరు.”

“పడ్డదే వట్టిదైతే?”

“గదే ముందుగాల సూస్తరట, ఎంత గట్టిగ కట్టిండ్రని. లేకపోతే నా బీడి పొగకు పడ్డది గూడ ఐదో నంబరే అయితది గదా!” ఆత్మారాం నవ్వాడు. బామ్మర్ది నవ్వలేదు.

బస్సు దిగి అతను ఇంటికి పోలేదు. గాలి నడిచిన దారి వెంట నడిచాడు. రాలిన వేపాకు, విరిగిన చిన్న కొమ్మలు ఆ దారిని చెబుతున్నాయి. దారి మధ్యలో, చెరకు కొట్టేవాళ్లు వదిలిపోయిన ఆకుల గుడిసె ఉంది. పైన నాలుగు ఆకులు లేచాయి, అంతే. కొట్టానికి పది అడుగుల ఇవతల, గాలి వచ్చిన వైపే, కాయలతో బొప్పాయి చెట్టు నిటారుగా నిలబడి ఉంది.

సున్నా, అనుకున్నాడు.

కొట్టం దగ్గర కూర్చున్నాడు. గుంజ ఒక్కటీ విరగలేదు. రేకులు మేకులకు అట్లాగే ఉన్నాయి. గుంజలు వేళ్ల మధ్యలోంచి జారినట్టు గుంతల్లోంచి బయటికి వచ్చాయి. గుంతల చుట్టూ నల్లరేగడి నెర్రెలు విచ్చింది. సిరికొండ ఎర్ర మొరం నేలలో రెండడుగులు పాతితే గుంజ తరతరాలు ఉంటుంది. ఇక్కడా ఆ రెండడుగులే పాతాడు. వానకు ఉబ్బిన రేగడి గట్టిగా పట్టుకునేది. నెట్టి చూస్తే కదిలేది కాదు. ఎండాకాలంలో ఇటు వచ్చే పని ఉండేది కాదు, ఎన్నడూ నెట్టలేదు.

తెల్లారి గడ్డపార భుజాన వేసుకొని బసవమ్మ ఇంటికి వెళ్లాడు. గుంజను నెట్టలేదు. వంగి, దాని మొదలు దగ్గరి నెర్రెలో చెయ్యి పెట్టాడు. మోచేతి దాకా దిగింది.

“అమ్మా, మంచం చెట్టు కిందికి జరుపుకో. గుంజలు తీసి ఇంకా లోతుకు పాతాలె.”

“నిక్షేపంలా నిలబడ్డదాన్ని పీకుతావేంటయ్యా, మతిపోయిందా?”

“గాలి ఇంకా ఇటు రాలేదమ్మా, గంతే.”

ముసలామె గొణుక్కుంటూ లేచింది. మంచం అతనే మోసి చెట్టు కింద వేశాడు. తిరిగి వచ్చి, మొదటి గుంజ పక్కన గడ్డపార దింపాడు.